కండకు కట్టిన ఖరీదు

డెలవేర్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పిన కెవిన్ కెరేన్ అనే ఆచార్యుడు 1981లో ఫిలడెల్ఫియా ఫిల్లీస్ అనే బేస్‌బాల్ జట్టు స్కౌట్ల వెంట పడి ఊళ్లు తిరిగాడు. స్కౌట్ అంటే ఆటగాళ్లను వెతికిపెట్టే మనిషి. పల్లెటూరి బడి మైదానంలో పదిహేడేళ్ల కుర్రాడు బంతి విసురుతుంటే కంచె పక్కన నిలబడి చూసి, ఇతను ఇంకో ఐదారేళ్లకు మేజర్ లీగుకు పనికొస్తాడా, వస్తే ఎంత ఇవ్వొచ్చు అని రాసి పంపడం అతని ఉద్యోగం. కెరేన్ ఆ అనుభవాన్ని 1984లో 'డాలర్ సైన్ ఆన్ ద మజిల్' అనే పుస్తకంగా తెచ్చాడు. కండ మీద డాలరు గుర్తు వేయడం అన్న ఆ మాట బ్రాంచ్ రిక్కీది. నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్‌తో 1945లో సంతకం చేయించి, 1947లో బ్రూక్లిన్ జట్టులో ఆడించినవాడు ఈ రిక్కీయే.

ఇంత దూరపు పుస్తకం నా చేతికెలా వచ్చిందో చెప్పాలి. మా అమ్మాయి కాపురం ఒహాయో రాష్ట్రంలోని టొలీడోలో. అక్కడికి వెళ్లినప్పుడు ఒక సాయంత్రం అల్లుడు ఆ ఊరి జట్టు మడ్ హెన్స్ ఆటకు తీసుకెళ్లాడు. అది డెట్రాయిట్ టైగర్స్‌కు అనుబంధమైన మైనర్ లీగ్ జట్టు. నాకు ఆట సగం అర్థమయింది, సగం కాలేదు. బ్యాటు పట్టినవాడి వెనకవైపు వరసలో నలుగురైదుగురు మగవాళ్లు కూర్చొని ఉన్నారు. జనం లేచి అరిచినప్పుడు వాళ్లు అరవరు, చప్పట్లు కొట్టరు. ఒడిలో నోటుపుస్తకం, చేతిలో బంతి వేగం కొలిచే తుపాకీలాంటి యంత్రం. "వాళ్లు స్కౌట్లు మామయ్యగారూ, గెలుపోటములతో వాళ్లకు పని లేదు" అన్నాడు అల్లుడు. ఆట చూస్తూ గెలుపోటముల పట్టింపు లేనివాళ్లు ఉంటారని నేనెన్నడూ అనుకోలేదు. ఆ మాట పట్టుకొని ఊరి గ్రంథాలయంలో దొరికినవన్నీ చదివాను. వాటిలో మూడు పుస్తకాల గురించీ, చివర ఒక సినిమా గురించీ నాలుగు మాటలు రాయాలనిపించింది. క్రికెట్టు తప్ప మరో ఆట ఎరుగని పాఠకులు ఓపిక పట్టాలి.

ముందు ఆ లోకం ఏర్పాటు తెలియాలి. మేజర్ లీగులో జట్లు ముప్ఫయి. ఒక్కొక్కదాని కింద అంచెలంచెలుగా నాలుగు మైనర్ లీగ్ జట్లుంటాయి. సింగిల్-ఎ, హై-ఎ, డబుల్-ఎ, అన్నిటికంటె పైన ట్రిపుల్-ఎ. వాటి కిందా కొత్తగా చేరినవాళ్ల కోసం ఇంకో మెట్టు ఉంటుంది. ఈ పద్ధతిని సెయింట్ లూయిస్‌లో నిలబెట్టినవాడు కూడా రిక్కీయే. వాళ్లు దాన్ని 'ఫార్మ్' అంటారు. మన భాషలో నారుమడి అంటే సరిపోతుంది. నారుమడిలో వేసిందంతా పొలానికి రాదు. కాని ఇక్కడ మొలకలు మనుషులు. ఇరవయ్యేళ్లు, ఇరవై రెండేళ్లు, ఇరవయ్యారేళ్లు. ఒక్కొక్క మెట్టు దగ్గర కొందరు ఆగిపోతారు. ఎవరు ఆగాలో, ఎవరు ఎక్కాలో తేల్చే కాగితాలు స్కౌట్ల నోటుపుస్తకాల నుంచి వెళ్తాయి.

ఆ కాగితం మీద మార్కులు ఇరవైతో మొదలై ఎనభైతో ముగుస్తాయి. యాభై అంటే మేజర్ లీగులో సగటు ఆటగాడు. బ్యాటుతో కొట్టడం, దూరం కొట్టడం, పరుగు, విసిరే చెయ్యి, బంతి పట్టడం. ఈ ఐదింటినీ 'టూల్స్' అంటారు, పనిముట్లన్నమాట. ఒక్కొక్కదానికి రెండు అంకెలు వేయాలి. ఒకటి ఇవాళ్టిది, రెండోది రేపటిది. కుర్రాడు ఇవాళ ముప్ఫయి, రేపు యాభై ఐదు అని రాస్తే, ఆ నడుమ ఇరవై ఐదు స్కౌట్ నమ్మకం. దానికి వేరే ఆధారం లేదు. నాకు ఈ రెండో అంకె దగ్గరే పుస్తకం వదలబుద్ధి కాలేదు. సాహిత్య విమర్శలో మనం ఎంతసేపూ మొదటి అంకె వేసి చేతులు దులుపుకొంటాం. రెండోది వేసే ధైర్యం ఎందరికుంది?

కెరేన్ పుస్తకం గొప్పతనం అతను తక్కువ మాట్లాడటంలో ఉంది. ముసలి స్కౌట్లను మాట్లాడనిచ్చి తాను వింటాడు. వాళ్ల భాష వినసొంపుగా ఉంటుంది. పొగాకు నములుతూ, ఒకరినొకరు ఎగతాళి చేసుకొంటూ, ముప్ఫయ్యేళ్ల కిందట చూసిన కుర్రాడి భుజం కదలికను నిన్నటిదానిలా వర్ణిస్తారు. సాహిత్యం చదువుకొన్నవాడు కనుక ఆ మాటల్లోని కవిత్వం కెరేన్‌కు పట్టుబడింది. అయితే అదే అతని బలహీనత కూడా. మాట బాగుందని మనిషి తీర్పును కూడా ఒప్పేసుకొన్నాడేమోనని చాలాచోట్ల అనిపిస్తుంది. ఉదాహరణకు 'గుడ్ ఫేస్' అన్న మాట. మంచి ముఖం. కుర్రాడి దవడ, కళ్లు, నిలబడే తీరు చూసి వీడు ఆటగాడవుతాడని చెప్పడం. వినడానికి ముచ్చటగా ఉంటుంది. ఆ మంచి ముఖం లేని కుర్రాళ్లు ఏమయ్యారన్న ప్రశ్నను కెరేన్ గట్టిగా వేయలేదు.

ఆ ప్రశ్న వేసినవాడు మైకేల్ లూయిస్. 2003లో వచ్చిన 'మనీబాల్' ఈ మూడింటిలో పేరుమోసినది. 2011లో సినిమాగా కూడా వచ్చింది గనుక మనవాళ్లలో కొందరు చూసే ఉంటారు. ఓక్లాండ్ అథ్లెటిక్స్ అనే బీదజట్టును నడిపిన బిల్లీ బీన్ కథ అది. ఈ బీన్ స్వయంగా 'మంచి ముఖం' బాధితుడు. 1980లో శాండియాగో హైస్కూలు నుంచి మొదటి విడతలోనే అతన్ని న్యూయార్క్ మెట్స్ ఎంచుకొన్నారు. పొడగరి, అందగాడు, ఐదు పనిముట్లూ ఉన్నవాడు. స్టాన్‌ఫర్డ్ చదువు వదులుకొని లక్షా పాతికవేల డాలర్లకు సంతకం పెట్టాడు. మేజర్ లీగులో మొత్తం ఆడింది 148 ఆటలు, సగటు .219. 1990లో ఆట మానేసి తానే స్కౌటయ్యాడు. తరువాత అదే జట్టుకు పెద్ద అయి, ముఖం చూసే పద్ధతిని వెళ్లగొట్టి, కాలేజీలో ఆడిన ఆటల లెక్కలు చూసి మనుషులను ఎంచడం మొదలుపెట్టాడు.

లూయిస్ కథ చెప్పే నేర్పుకు నేను దండం పెడతాను. 2002 ఎంపిక గదిలో ఒక పక్క ముసలి స్కౌట్లు, మరో పక్క కంప్యూటరు ముందేసుకొని హార్వర్డ్‌లో చదివిన పాల్ డిపొడెస్టా. నడుమ జెరెమీ బ్రౌన్ అనే అలబామా కుర్రాడి పేరు. లావుగా ఉంటాడని స్కౌట్లు నవ్వుతారు. బీన్ అతన్నే ముప్ఫయి ఐదో ఎంపికగా తీసుకొంటాడు. పుస్తకం చివర బ్రౌన్ బంతిని బలంగా కొట్టి, పరిగెత్తుతూ మొదటి బేసు దాటగానే జారి పడతాడు. తన తప్పుకు నవ్వుతున్నారనుకొంటాడు. చూస్తే బంతి కంచె దాటి పోయింది, అది హోమ్ రన్. చదివినవాడి కళ్లు చెమర్చక మానవు.

అయితే విమర్శకుడు కళ్లు తుడుచుకొని మళ్లీ చదవాలి. ఆ ఏడు ఓక్లాండుకు మొదటి విడతలో, దాని అనుబంధంలో కలిపి ఏడు ఎంపికలు దొరికాయి. వారిలో నిక్ స్విషర్, జో బ్లాంటన్, మార్క్ టీహెన్ మేజర్ లీగులో నిలబడ్డారు. ముగ్గురు అక్కడికి చేరనే లేదు. మన జెరెమీ బ్రౌన్ 2006లో ఐదు ఆటలు ఆడాడు, పదిసార్లు బ్యాటు పట్టి మూడు కొట్టాడు. 2008లో ఆట వదిలేశాడు. స్విషర్ పదహారో ఎంపిక. పదిహేడో ఎంపికగా ఫిల్లీస్ తీసుకొన్న హైస్కూలు కుర్రాడు కోల్ హామెల్స్ 2008 వరల్డ్ సిరీస్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. నలభై నాలుగో ఎంపిక జోయీ వాటో కూడా హైస్కూలు కుర్రాడే. అతను 2010లో నేషనల్ లీగుకు ఉత్తమ ఆటగాడు. హైస్కూలు పిల్లలను నమ్మరాదన్నది ఆ పుస్తకం బోధించిన పాఠాల్లో ముఖ్యమైనది.

ఇంకా పెద్ద లోపం ఉంది. 2002లో ఓక్లాండ్ 103 ఆటలు గెలిచింది, వరసగా ఇరవై గెలిచింది. ఎవరి బలంతో? ఆ ఏడు అమెరికన్ లీగు ఉత్తమ ఆటగాడు మిగెల్ తెహాదా ఓక్లాండువాడే. ఉత్తమ పిచర్ బారీ జీటో ఓక్లాండువాడే. హడ్సన్, మల్డర్ ఉండనే ఉన్నారు. తెహాదా డొమినికన్ రిపబ్లిక్‌లో పేదరికంలో పుట్టిన కుర్రాడు. అతన్ని వెతికి తెచ్చినవి కాలేజీ లెక్కలు కావు, ఎండలో కంచె పక్కన నిలబడ్డ కళ్లు. ఎరిక్ చావేజ్ బీన్ చదివిన హైస్కూలులోనే చదివి, అక్కణ్ణుంచే నేరుగా వచ్చినవాడు. వీళ్లు లూయిస్ కథలో పక్కకు జరిగిపోయారు, కథకు అడ్డొస్తారు గనుక. పాత స్కౌట్లను మూర్ఖులుగా చూపితేనే బీన్ వీరుడవుతాడు. నాటకానికి విలన్ కావలసినంత మాత్రాన మనుషులను విలన్లను చేయవచ్చునా? 2001లో జెరెమీ బాండర్‌మన్ అనే హైస్కూలు పిచర్‌ను తన స్కౌట్లు ఎంచుకొన్నందుకు బీన్ కుర్చీ విసిరికొట్టిన ఘట్టం పుస్తకం మొదట్లోనే ఉంది. చదివినప్పుడు మనం బీన్ పక్షాన ఉంటాం. ఆ బాండర్‌మన్‌ను మరుసటి ఏడే డెట్రాయిట్‌కు వదిలేశారు. 2006లో ఆ డెట్రాయిట్ ఓక్లాండును నాలుగుకు నాలుగూ ఓడించి వరల్డ్ సిరీస్‌కు పోయింది. నాలుగో ఆటలో బంతి పట్టి మొదలుపెట్టినవాడు బాండర్‌మన్. అతనేమీ మహా ఆటగాడు కాలేదు, ఆ మాటా చెప్పాలి. కుర్చీకి మాత్రం పాత్రుడు కాడు.

మూడో పుస్తకం నాకు ఎక్కువ ఇష్టం. మార్క్ వైన్‌గార్డ్‌నర్ రాసిన 'ప్రాఫెట్ ఆఫ్ ద శాండ్‌లాట్స్', 1990 నాటిది. ఇతనే తరువాత 'గాడ్‌ఫాదర్'కు కొనసాగింపు నవల రాశాడు. టోనీ లూకడెల్లో అనే ముసలి స్కౌట్ కారులో కూర్చొని అతని చివరి రోజుల ప్రయాణాలను రాశాడు. లూకడెల్లోది ఫొస్టోరియా, మా అమ్మాయి ఊరికి సుమారు గంట ప్రయాణం. మొదట చికాగో కబ్స్‌కు, తరువాత ఫిల్లీస్‌కు పనిచేసి సుమారు యాభైమందిని మేజర్ లీగుకు చేర్చాడు. అంతమందిని చేర్చిన స్కౌట్ మరొకడు అరుదు.

లూకడెల్లో స్కౌట్లను నాలుగు రకాలుగా విడదీస్తాడు. ఒకడు పని చేతకానివాడు. రెండోవాడు తప్పులేరేవాడు, మంచి ఆటగాడిలో ఒక్క లోపం కనిపిస్తే చాలు, కొట్టేస్తాడు. మూడోవాడు ఇవాళ్టి ఆటను మాత్రమే చూసేవాడు. నాలుగోవాడు రేపటిని చూడగలవాడు. తాను నాలుగో రకమని అతనికి గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి సాక్ష్యం మైక్ స్మిట్. హైస్కూల్లోనే మోకాళ్ల దెబ్బలతో ఆపరేషన్లయిన డేటన్ కుర్రాడు. మిగతా స్కౌట్లు పేరు కొట్టేసినా లూకడెల్లో ఏళ్ల తరబడి కనిపెట్టి ఉన్నాడు. 1971లో రెండో విడతలో ఫిల్లీస్ తీసుకొన్నారు. 1973లో, మేజర్ లీగులో మొదటి పూర్తి సీజనులో, స్మిట్ సగటు .196. ఇది చాలా సిగ్గుపడవలసిన అంకె. లెక్క చూసేవాడైతే ఇంటికి పంపేవాడు. ఆ మరుసటి ఏడు నేషనల్ లీగులో అందరికంటె ఎక్కువ హోమ్ రన్‌లు అతనివే. ఆట వదిలేనాటికి మొత్తం 548.

లూకడెల్లో 1989లో తన ఊరి బేస్‌బాల్ మైదానంలో తనను తాను కాల్చుకొని చనిపోయాడు. కారణాలు ఊహించడం నాకిష్టం లేదు. పుస్తకం చదువుతున్నంతసేపూ ఆ మరణం ముందే తెలిసి ఉండటంతో, అతను ఒక బడి మైదానంలో కుర్రాడి కాళ్ల కదలిక చూస్తూ నిలబడ్డ ప్రతి పుటా బరువెక్కుతుంది. ఆట ఎనభై ఏడు పాళ్లు నడుము కింద జరుగుతుందని అతని సిద్ధాంతం. పిల్లలకు పాదాలు కదపడం నేర్పండని కనిపించిన తండ్రికల్లా చెప్పేవాడు. మార్కులు వేసి పోయేవాడు మాత్రమే అయితే అలా చెప్పడు.

ఇప్పుడు కాలం మారింది. బంతి ఎంత గిరగిర తిరిగిందీ, బ్యాటు నుంచి ఎంత వేగంతో పోయిందీ యంత్రాలే చెబుతున్నాయి. లాంగెన్‌హేగెన్, మెక్‌డేనియెల్ అనే ఇద్దరు 2020లో రాసిన 'ఫ్యూచర్ వాల్యూ' ఈ కొత్త పద్ధతిని బాగా వివరిస్తుంది. కన్నూ యంత్రమూ రెండూ కావాలని వాళ్ల వాదం, అందులో తప్పు లేదు. అయినా అది పనివాడి చేతిపుస్తకం, సాహిత్యం కాదు. మైక్ పియాజాను 1988లో అరవై రెండో విడతలో, 1390వ వాడిగా, తండ్రి స్నేహితుడి మొగమాటం కొద్దీ డాడ్జర్స్ తీసుకొన్నారు. 2016లో అతను హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కాడు. 2021 నుంచి ఎంపిక ఇరవై విడతలతో ఆగిపోతున్నది. అదే ఏడు మైనర్ లీగ్ అనుబంధ జట్లను 160 నుంచి 120కి తగ్గించారు. అరవై రెండో విడత కుర్రాడి కోసం ఇప్పుడు తలుపే లేదు.

ఈ పుస్తకాలన్నిటిలోనూ తీర్పు చెప్పేవాడే మాట్లాడతాడు. తీర్పు పొందినవాడు ఎక్కడ? మైనర్ లీగ్ జట్టులో పాతికమందికి పైగా ఉంటే, పై మెట్టు మీద నిజంగా ఆశ పెట్టుకొన్నది కొద్దిమంది పైనే. మిగతావాళ్లు ఆ కొద్దిమందీ ఆడుకోవడానికి ఎదుటివాళ్లుగా ఉండాలి గనుక ఉంటారు. ఆ సంగతి వాళ్లకెవరూ చెప్పరు. టొలీడోలో నేను చూసిన మెట్టు మీద కనీస జీతం 2023లో కొత్త ఒప్పందం కుదిరేదాకా ఏడాదికి 17,500 డాలర్లు, తరువాత 35,800 అయింది. మన రింకూ సింగ్, దినేశ్ పటేల్ కథ కొందరికి గుర్తుండవచ్చు. ఈటె విసిరే ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లు, 2008లో పోటీలో ఎంపికై పిట్స్‌బర్గ్ జట్టుతో సంతకం చేశారు. 2014లో వాళ్ల మీద తీసిన సినిమా ఆ ఒప్పందం సంబరంతో ముగుస్తుంది. ఇద్దరూ మేజర్ లీగుకు చేరలేదు. అందుకే నాకు ఆ సినిమా మీద గౌరవం లేదు.

గౌరవం ఉన్నది 2008లో ఆనా బోడెన్, రయన్ ఫ్లెక్ తీసిన 'షుగర్' మీద. డొమినికన్ కుర్రాడు మిగెల్ సాంతోస్ పిచర్‌గా ఎంపికై అయోవా రాష్ట్రంలోని ఒక చిన్న ఊరి మైనర్ లీగ్ జట్టుకు వస్తాడు. ఇంగ్లీషు రాదు. హోటల్లో తినడానికి అతనికి తెలిసిన మాట ఒక్కటే, 'ఫ్రెంచ్ టోస్ట్'. అంచేత అదే తెమ్మంటాడు. గుడ్డు అడగాలంటే ఎలా వండాలో చెప్పాలి, ఆ మాటలు రావు. ఒకసారి వడ్డించే అమ్మాయి గుడ్లను రకరకాలుగా వండించి పళ్లెంలో పెట్టి, ఒక్కొక్కదాని పేరూ చెప్పి చూపిస్తుంది. సినిమాలో అంతకంటె గొప్ప ఘట్టం లేదు. పరాయి భాష నడుమ నోరు కట్టుకొని బతికిన ఇళ్లు మనవి. ఈ పత్రిక పాఠకులకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. సాంతోస్‌కు దెబ్బ తగులుతుంది, ఆట తగ్గుతుంది, ఒకనాడు చెప్పకుండా బస్సెక్కి న్యూయార్క్ పోతాడు. చివర ఒక పార్కులో తనలాంటివాళ్లతో ఆడుతుంటాడు. ఒక్కొక్కరూ తమ పేరు, తమ ఊరు, ఒకప్పుడు తమను తీసుకొన్న జట్టు పేరు చెబుతారు. అందరూ ఒకప్పుడు ఎవరో ఒక స్కౌట్ రెండో అంకె వేసినవాళ్లే.

ఆ సినిమా చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం ఆట కాదు. 1996లో ఒక పత్రికకు వచ్చే కథలు చదివిపెట్టే పని బెంగుళూరులో నేను చేసేవాణ్ణి. డెంకణికోట వైపు పల్లె నుంచి ఒక కుర్రాడు కథ పంపాడు. చెరువెండిన ఏడు తాత ఎద్దులను సంతకు తోలుకుపోయి అమ్మకుండా తిరిగి వచ్చే కథ. కన్నడం, అరవం మాటలు కలిసిన వాళ్లింటి తెలుగులో రాశాడు. నేను "భాష సరిగా లేదు, మంచి తెలుగు రచయితలను చదివి మళ్లీ ప్రయత్నించండి" అని కార్డు రాశాను. అంటే ఏమిటి? నాకూ ఒక 'మంచి ముఖం' ఉండేది. అది కోస్తా జిల్లాల అచ్చు తెలుగు ముఖం. లూకడెల్లో చెప్పిన నాలుగింటిలో నేను రెండో రకం. పై ఏడు వస్తుందేమోనని చూశాను, ఆ చేతిరాత మళ్లీ రాలేదు.

ఆ ప్రతి నా దగ్గరే ఉండిపోయింది. ఈ మధ్య తీసి చదివాను. మొదటి రెండు పుటలు ఇప్పటికీ నాకు తడబాటుగానే ఉన్నాయి. మూడో పుటలో అవ్వ ఖాళీ గాడి దగ్గర నిలబడి ఎద్దుల పేర్లు పిలిచే చోటు ఉంది, ఆ నాలుగు వాక్యాలు రాయడం నా వల్ల కాదు. ప్రతిని సంపాదకులకు అప్పగించాను, రచయిత ఒప్పుకొంటే ఒక్క మాటా మార్చకుండా వేస్తామన్నారు. పాత చిరునామాకు రాసిన ఉత్తరం తిరిగొచ్చింది. ఆ కథ రాసినవారు గాని, వారిని ఎరిగినవారు గాని ఈ సంచిక చూస్తే పత్రిక కార్యాలయానికి ఒక కార్డు వేయండి. ఎద్దుల పేర్లు రాస్తే చాలు, నాకు తెలుస్తుంది.